ఒకటో తరగతికి బడి ఎలా ఎంచుకోవాలి?

సంక్రాంతి అయిపోగానే ప్రైవేటు బడుల వాళ్లు ఇంటింటికీ తిరగడం మొదలుపెడతారు. చేతిలో రంగుల కరపత్రం, నోట్లో "ఇప్పుడే సీటు రాయించుకుంటే అడ్మిషన్ ఫీజు లేదండీ" అన్న మాట. సర్కారు బడి టీచర్లు మన గడప తొక్కేది చాలాచోట్ల జూన్ దగ్గర పడ్డాకే. అప్పటికి సగం మంది ఎక్కడో ఒకచోట అడ్వాన్సు కట్టేసి ఉంటారు. అందుకని మొదటి పని: మార్చి దాకా ఎవరికీ పైసా కట్టకండి. ఆలోపు బడులు తిరిగి చూడండి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి కాబట్టి అంతకుముందే, పిల్లలు క్లాసుల్లో ఉన్న వేళ వెళ్లండి. మే నెలలో వెళ్తే ఆఫీసు గదీ, అందులో ఏసీ, బల్ల మీద ట్రోఫీలు తప్ప ఏమీ కనపడవు.

ఇది ఆంధ్రలోనో తెలంగాణలోనో పల్లెలో, మండల కేంద్రంలో ఉంటూ, ఫీజు కట్టాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించాల్సిన కుటుంబాల కోసం రాస్తున్నాను. మామూలుగా మన ముందు ఉండేవి మూడు: ఊళ్లో సర్కారు ప్రైమరీ స్కూలు, పక్క వీధిలో చిన్న ప్రైవేటు బడి, టౌను నుంచి పసుపు బస్సు పంపే పెద్ద బడి.

ముందు టీచర్లను లెక్కపెట్టండి

సర్కారు బడి అనగానే జనం గోడలు చూస్తారు. ఆంధ్రలో నాడు-నేడు, తెలంగాణలో మన ఊరు మన బడి కింద చాలా బడులకు రంగులు, బెంచీలు, మరుగుదొడ్లు వచ్చాయి. అసలు కొరత మనుషుల దగ్గర ఉంది. ఆంధ్రలో 2018 డీఎస్సీ (సర్కారు టీచర్ల నియామకం) తర్వాత మళ్లీ పెద్ద నోటిఫికేషన్ వచ్చింది 2025లో, 16,347 పోస్టులకు. తెలంగాణలో 2017 తర్వాత 2024లో, 11,062 పోస్టులకు. మధ్యలో ఏడేళ్ల పాటు రిటైరైన వాళ్ల కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. విద్య మీద దేశ ఆదాయంలో 6 శాతం ఖర్చు పెట్టాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా అదే అంకె మళ్లీ రాసింది. ఇంకా అక్కడికి చేరలేదు. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏడాదికి ఇచ్చే గ్రాంటు 25,000 రూపాయలు. సుద్దముక్కలూ చీపుర్లూ చిన్నాచితకా రిపేర్లూ అన్నీ అందులోనే. అది కూడా టైముకి రాక హెడ్మాస్టరు జేబులోంచి పెట్టుకునే బడులు ఉన్నాయి.

విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం ప్రైమరీలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు ఉండాలి. 30 మందికి ఒకరు అంటే వినడానికి బాగానే ఉంటుంది. కానీ 40 మంది ఉన్న బడిలో ఇద్దరు టీచర్లు అంటే ఐదు తరగతులకు ఇద్దరని అర్థం. ఇలాంటి బడికి వెళ్తే ఒక దృశ్యం కనపడుతుంది. నల్లబల్లను సుద్దతో నిలువుగా మూడు భాగాలు చేసి ఉంటారు. ఎడమవైపు ఒకటో తరగతికి "అ ఆ", మధ్యలో రెండో తరగతికి కూడికలు, కుడివైపు మూడో తరగతికి పాఠంలోని ప్రశ్నలు. టీచరమ్మ మూడో తరగతి వాళ్లకు చెబుతుంటే ఒకటో తరగతి పిల్లలు పలకల మీద రాసిందే దిద్దుతూ ఉంటారు. ఆవిడ ఎంత మంచి టీచరైనా ఒక్కో తరగతికి దక్కేది ఆవిడ సమయంలో మూడో వంతే.

నా లెక్క ఇది. ముగ్గురు, అంతకన్నా ఎక్కువ మంది టీచర్లుంటే సర్కారు బడిని జాబితాలో మొదట పెట్టండి. ఇద్దరే ఉంటే ఆ ఇద్దరూ ఎలాంటివారో చూసి నిర్ణయించుకోండి. ఏకోపాధ్యాయ పాఠశాల అయితే, రోజూ ఇంట్లో గంటసేపు కూర్చోబెట్టి చదివించే మనిషి ఉంటే తప్ప వద్దు. ఆ టీచరు ఒక్కరోజు సెలవు పెడితే బడికి వేరే టీచరు రావాలి, లేదంటే ఆ రోజు చదువు లేనట్టే. ఆంధ్రలో 2025 నుంచి కొన్ని బడులను మోడల్ ప్రైమరీ స్కూళ్లుగా చేసి తరగతికొక టీచరును ఇస్తున్నారు. మీకు దగ్గర్లో అలాంటిది ఉంటే ముందు దాన్నే చూడండి.

కాగితం మీది లెక్క నమ్మకండి. రిజిస్టర్లో ముగ్గురుండి, ఒకరు డెప్యుటేషన్ మీద వేరే మండలంలో, ఇంకొకరు దీర్ఘకాలిక సెలవులో ఉండొచ్చు. బడుల వివరాలన్నీ ఉండే సర్కారు వెబ్‌సైట్ యూడైస్ ప్లస్‌లో "నో యువర్ స్కూల్" అనే పేజీ ఉంది. ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంటుంది, ఆంధ్ర బడులది 28తో, తెలంగాణ బడులది 36తో మొదలవుతుంది. అందులో పిల్లల సంఖ్య, టీచర్ల సంఖ్య, గదులు, మరుగుదొడ్లు అన్నీ ఉంటాయి. ఆ కాగితం తీసుకుని బడికి వెళ్లి, "ఈ ముగ్గురూ ఇవాళ ఉన్నారా సార్?" అని అడగండి. ప్రైవేటు బడి పేరు అందులో కనపడకపోయినా, గుర్తింపు అయిదో తరగతి దాకానే ఉండి పదో తరగతి దాకా నడుపుతున్నా దాని జోలికి వెళ్లొద్దు.

ప్రైవేటు బడిలో అడగాల్సిన ప్రశ్న వేరు. అక్కడ తరగతికొక టీచరు ఉంటారు, అది నిజం. ఆ టీచరు ఎన్నాళ్లు ఉంటారన్నదే సమస్య. చిన్న బడుల్లో జీతాలు తక్కువ. పెళ్లయినా, ఇంకో బడిలో వెయ్యి రూపాయలు ఎక్కువిస్తామన్నా మధ్యలోనే వెళ్లిపోతారు. "పోయినేడు ఒకటో తరగతికి చెప్పిన మేడమ్ ఇప్పుడూ ఉన్నారా? ఏం చదువుకున్నారు?" అని ప్రిన్సిపాల్‌ను అడగండి. తర్వాత గేటు బయట నిలబడి, రెండో తరగతి పిల్లల తల్లుల్ని కూడా ఇదే అడగండి. రెండు జవాబులూ కలిస్తే మంచిదే.

మూడో తరగతి పిల్లలతో చదివించి చూడండి

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇదే. దీన్ని చేసేవాళ్లు చాలా తక్కువ.

ఒకటో తరగతిలో చేర్చబోతూ ఒకటో తరగతి పిల్లల్ని చూస్తే ఏమీ తెలియదు. మూడో తరగతి పిల్లల్ని చూడండి. ఈ బడి రెండేళ్లలో ఏం చేసిందో వాళ్ల నోట్లో ఉంటుంది. బడిలో ఒప్పుకోకపోతే మీ వీధిలో ఆ బడికి వెళ్లే పిల్లలే చాలు. ఇద్దరు ముగ్గురితో చేయించండి. బాగా చదివే పిల్లను వాళ్లే పిలిచి చూపిస్తే సంతోషించి, పక్కన కూర్చున్న పిల్లాణ్ని అడగండి.

ప్రథమ్ సంస్థ 2005 నుంచి ఊళ్లలో చేస్తున్న అసర్ సర్వేలో వాడే పద్ధతి చాలా తేలిక, ఎవరైనా చేయొచ్చు. ముందు అక్షరాలు, తర్వాత మాటలు, తర్వాత ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాలు, చివరికి రెండో తరగతి స్థాయిలో చిన్న కథ. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, రెండంకెల తీసివేత, ఆ తర్వాత భాగహారం. మూడో తరగతి పిల్ల ఆ కథ తడుముకోకుండా చదివి, 52లోంచి 27 అప్పు తెచ్చుకుని తీసేయగలిగితే ఆ బడి పని చేస్తున్నట్టే. దేశం మొత్తం మీద పల్లెల్లో అయిదో తరగతి పిల్లల్లో సగం మంది కూడా రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారని 2022 అసర్ చెప్పింది. కాబట్టి ఇది చిన్న పరీక్ష అనుకోకండి.

ఇక్కడ ఒక మోసం జరుగుతుంది, ఎక్కువగా ఇంగ్లీష్ మీడియం ప్రైవేటు బడుల్లో. పిల్ల ఇంగ్లీష్ పుస్తకం తెరిచి గలగలా చదివేస్తుంది, తల్లి ముఖం వెలిగిపోతుంది. అప్పుడు ఆ పేజీలో కింది నుంచి మూడో లైనులో ఏదో ఒక మాట మీద వేలు పెట్టి, మిగతాది చేత్తో మూసి, "ఇదేంటమ్మా?" అనండి. కొందరు పిల్లలు పైకి చూస్తారు, పెదాలు కదుపుతూ మొదటి లైను నుంచి లోలోపల అప్పజెప్పుకుంటూ వచ్చి ఆ మాట దగ్గర ఆగుతారు. అది చదవడం కాదు, పాఠం మొత్తం కంఠతా వచ్చు. ఇంకా జరగని పాఠం తెరిస్తే నోరు పెగలదు. తెలుగులోనూ ఇదే చేసి చూడండి. తెలుగు పేరాగ్రాఫ్ ఒకటి కూడా చదవలేని నాలుగో తరగతి పిల్లలున్న బడి, ఎంత ఇంగ్లీష్ బోర్డు పెట్టినా, చదువు చెప్పడం లేదు.

ఇంగ్లీష్ కోసమే ప్రైవేటుకి పంపుతున్నాం అనే వాళ్లకు ఒక సంగతి. రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు సర్కారు ప్రైమరీ బడుల్లోనూ ఇంగ్లీష్ మీడియం ఉంది. పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా వస్తున్నాయి. ఇంట్లో కూర్చోబెట్టి చెప్పే తల్లికి ఇంతకన్నా మంచి పుస్తకం దొరకదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి 180 గ్రామాల్లో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. సర్కారు బడి పిల్లల్లో లాటరీ తీసి, గెలిచిన వాళ్లకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెడితే తెలుగులో, లెక్కల్లో రెండు రకాల పిల్లలకూ తేడా లేదు. హిందీలో ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు, ఎందుకంటే సర్కారు ప్రైమరీలో హిందీ దాదాపు చెప్పేవారే కాదు. ప్రైవేటు వాళ్ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి: వాళ్లు తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం కేటాయించి, పిల్లవాడి మీద సర్కారు పెట్టే ఖర్చులో మూడో వంతు కూడా పెట్టకుండా ఆ ఫలితం తెచ్చారు. అంటే వాళ్లు పని చేయడం లేదని కాదు. పిల్లవాడిని ప్రైవేటులో వేసినంత మాత్రాన చదువు దానంతటదే రాదని.

డబ్బు లెక్క అయిదేళ్లకు వేయండి

కరపత్రం మీద ఉండేది ట్యూషన్ ఫీజు ఒక్కటే. ఉదాహరణకు అది 18,000 అనుకోండి. పుస్తకాలు, నోట్సులు బడిలోనే కొనాలంటారు, 5,000. బస్సు నెలకు 900 చొప్పున పది నెలలకు 9,000. రెండు జతల యూనిఫాం, శనివారం తెల్ల డ్రెస్సు, బూట్లు 3,000. మొత్తం 35,000. ఏటా పది శాతం పెరిగితే అయిదో తరగతి ముగిసేసరికి 2 లక్షల 13 వేలు దాటుతుంది. యాన్యువల్ డే డ్రెస్సులు, ఫోటోలు, ఎక్స్‌కర్షన్ ఇందులో లేవు. ఇంట్లో ఇంకో బిడ్డ ఉంటే రెట్టింపు. మూడో ఏడాది ఫీజు కట్టడానికి చీటీ పాడుకోవాల్సి వస్తుందా, బంగారం కుదువ పెట్టాల్సి వస్తుందా అన్నది ఇప్పుడే ఆలోచించుకోండి. ఫీజు బాకీ ఉందని పరీక్ష రోజు క్లాసు బయట నిలబెడితే ఆరేళ్ల పిల్లకు ఎలా ఉంటుందో అది కూడా ఈ లెక్కలోదే.

ఆంధ్రలో తల్లికి వందనం పథకం కింద సర్కారు ఇచ్చే డబ్బు ఒకటో తరగతి నుంచి వస్తుంది, సర్కారు బడైనా గుర్తింపు ఉన్న ప్రైవేటు బడైనా ఇస్తారు. ప్రైవేటు బడి ఏజెంట్లు "ఎలాగూ గవర్నమెంటు డబ్బులు పడతాయి కదా" అని దాన్ని ఫీజులో కలిపేసి చెబుతారు. ఆ డబ్బు సర్కారు బడిలో వేసినా పడుతుంది, పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఉచితం కాబట్టి చేతిలో మిగులుతుంది. ఆ మిగిలిన దాంతో సాయంత్రం గంటసేపు చదివించే డిగ్రీ అమ్మాయిని పెట్టుకోవచ్చు. నలుగురు పిల్లల ఇళ్లు కలిసి పెట్టుకుంటే ఇంకా తేలిక. నన్నడిగితే ముగ్గురు టీచర్లున్న సర్కారు బడి, దానికి తోడు ఆ గంట చదువు, మన లాంటి చాలా ఇళ్లకు చిన్న ప్రైవేటు బడి కన్నా మేలు.

చట్టం కూడా కొంచెం గుర్తుంచుకోండి. డొనేషన్ అడగకూడదు, చేర్చుకోవడానికి పిల్లలకు టెస్టు, తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ పెట్టకూడదు. కొట్టకూడదు. ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. ఆంధ్రలో దీనికి ఏటా ఆన్‌లైన్లో దరఖాస్తులు తీసుకుని లాటరీ తీస్తున్నారు. సీటు వచ్చినా పుస్తకాలకీ బస్సుకీ డబ్బు అడుగుతారేమో ముందే తేల్చుకోండి. తెలంగాణలో ఇది ఏళ్ల తరబడి అమలుకే రాలేదు, కాబట్టి ఎవరో చెప్పింది నమ్మి డబ్బులివ్వకుండా మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో అడగండి.

మధ్యాహ్నం పూట మళ్లీ వెళ్లండి

ఉదయం ప్రార్థన వేళ అన్ని బడులూ బాగానే ఉంటాయి. పన్నెండున్నరకు వెళ్లండి. సర్కారు బడిలో అయితే అన్నం తినే పిల్లల కంచాలు చూడండి, పప్పులో నీళ్లెన్నో, గుడ్డు రోజున గుడ్డు ఉందో లేదో. వంట చేసే అక్కతో రెండు మాటలు మాట్లాడితే బిల్లులు ఎప్పటి నుంచి రాలేదో, అప్పు చేసి ఎలా వండుతోందో అన్నీ చెబుతుంది. తర్వాత బాత్రూమ్ తలుపు తీసి చూడండి. కట్టి ఉండటం వేరు, నీళ్లు రావడం వేరు, తాళం లేకపోవడం వేరు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆపుకుని ఇంటికి పరిగెత్తుకొచ్చే ఆడపిల్లలు ఫీజులు బాగా తీసుకునే బడుల్లోనూ ఉన్నారు.

దూరం విషయంలో నేను మొండిగా ఉంటాను. ఆరేళ్ల పిల్లకు ఒకవైపు అరగంట ప్రయాణం దాటకూడదు. టౌనులో బడి మంచిదే కావచ్చు. కానీ బస్సు ఏడున్నరకు వచ్చి, పది ఊళ్లు తిరిగి, సాయంత్రం అయిదున్నరకు దింపితే ఆ పిల్ల ఆడుకునేదెప్పుడు, నిద్రపోయేదెప్పుడు? బస్సులో ఆయా ఉందో లేదో, ఆ ఏడాది ఫిట్‌నెస్ చేయించారో లేదో అడగండి. ఆటోలో డ్రైవరు పక్కన కూడా పిల్లల్ని కుక్కి తీసుకెళ్లే ఏర్పాటైతే వద్దు. బ్యాగు ఎత్తి చూడండి. 2020 నాటి కేంద్ర స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం ఒకటి, రెండు తరగతులకు బ్యాగు 1.6 నుంచి 2.2 కిలోలే ఉండాలి, హోంవర్క్ అసలు ఉండకూడదు. "ఐఐటీ ఫౌండేషన్" అని రెండో తరగతి నుంచే మొదలుపెట్టే బడుల గురించి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ఎల్‌కేజీ దగ్గరే చిక్కు

నిజానికి చాలామంది సర్కారు బడిని వదిలేసేది ఒకటో తరగతిలో కాదు, మూడేళ్ల వయసులో. సర్కారు బడుల్లో చాలాచోట్ల ఎల్‌కేజీ లేదు, ఉన్నది అంగన్‌వాడీ. అక్కడ ఆయమ్మా టీచరమ్మా ఓపికగా ఆటపాటలు చెప్పే చోట అది చక్కగా సరిపోతుంది. తిండి పెట్టి పంపేసే చోట సరిపోదు. అలాంటప్పుడు రెండేళ్లు ఇంటికి దగ్గర్లో ప్రైవేటు బడికి పంపినా తప్పు లేదు. అక్కడ అలవాటైపోయిందని ఒకటో తరగతికి కూడా అక్కడే కొనసాగించకుండా, అప్పుడు మళ్లీ కొత్తగా పైన చెప్పినట్టు చూడండి. సర్కారు బడిలో చేర్చుకోవడానికి పుట్టినతేదీ కాగితం లేదనో, జూన్ దాటిపోయిందనో కాదనడానికి వీల్లేదు.

మీ ఊరి సర్కారు బడిలో టీచర్లు తక్కువని వెనక్కి తగ్గితే ఒకసారి పిల్లల సంఖ్య కూడా చూడండి. 55 మంది ఉన్నారనుకోండి. మీ వాడలో ప్రైవేటుకి వెళ్తున్న ఏడెనిమిది మందిని కలిపి చేరిస్తే 61 దాటుతుంది, మూడో టీచరు అడగడానికి హక్కు వస్తుంది. పోస్టులు సర్దేది పిల్లల లెక్క మీదే. ఒంటరిగా వెళ్లి ఎంఈఓని అడిగితే "చూద్దాం" అంటారు. పదిమంది తల్లులు అర్జీ పట్టుకుని వెళ్తే కదలిక వస్తుంది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, అందులో నిలబడండి. మీటింగు అని సంతకం పెట్టించుకుని పంపేస్తుంటే, టీచరు పోస్టు సంగతి మినిట్స్‌లో రాయించి అప్పుడు సంతకం పెట్టండి.

మార్చాల్సి వస్తే

చేర్చాక మూడు నెలలకోసారి ఇంట్లోనే ఆ చదువు పరీక్ష చేయండి. ఏడాది గడిచినా రెండక్షరాల మాటలు కూడబలుక్కుని చదవలేకపోతే టీచరుతో మాట్లాడండి. రెండో ఏడాదీ అంతే అయితే మార్చండి. రెండో తరగతి ముగిశాక మార్చడం తేలిక, పిల్లలు త్వరగా కలిసిపోతారు. టీసీ అడిగిన వెంటనే ఇవ్వాలని చట్టం. టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. యూడైస్‌లో పిల్లవాడి పేరు పాత బడి వదలకుండా పట్టుకునే పని కొందరు చేస్తుంటారు, పెన్ నంబరు (యూడైస్‌లో పిల్లవాడికిచ్చే శాశ్వత నంబరు) రాయించుకుని ఎంఈఓ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి.

ఒక్క విషయం మాత్రం మార్చే ముందు చూసుకోండి. అయిదో తరగతి నుంచి గురుకులాలు, ఆరు నుంచి నవోదయ, మోడల్ స్కూళ్లు కూడా ఉన్నాయి, అన్నీ ప్రవేశ పరీక్షతోనే. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ ప్రాంతం వాళ్లకే. ఆ కోటాలో రావాలంటే మూడు, నాలుగు, అయిదు తరగతులు మూడూ పల్లె బడిలోనే చదివి ఉండాలి. రెండో తరగతి అయిపోయాక పిల్లను టౌను బడికి మారిస్తే ఆ కోటా అక్కడితో పోతుంది. నవోదయ ఆశ ఉన్నవాళ్లు టౌను బడిలో టీసీ ఇచ్చే ముందు ఆ బడి మున్సిపాలిటీ హద్దులోకి వస్తుందో, పంచాయతీలో ఉందో కనుక్కోండి.